చెట్టిపాళయం యాత్ర – నాలుగు చక్రాల గాలి

మన పత్రికలో యాత్రా వ్యాసమనగానే తిరుపతి కొండో, రామేశ్వరమో, కాకుంటే బెజవాడ కనకదుర్గమ్మ గుడో చదువరులకు స్ఫురిస్తుంది. ఈసారి మేము వెళ్ళి వచ్చిన చోట గుడీ లేదు, కోనేరూ లేదు. కోయంబత్తూరు దాపున చెట్టిపాళయంలో మోటారు కార్లు పందెపు పరుగు తీసే బాట ఒకటి ఉన్నది. దాని పేరు కరి మోటార్ స్పీడ్‌వే. విళాత్తికుళం నుండి అంత దూరం పోయి, రెండు పగళ్ళూ ఒక రాత్రీ గడిపి మేము నేర్చుకుని వచ్చినది కారు టైర్లలో గాలి ఎంత పెట్టవలెనన్నది. నవ్వదలచినవారు నవ్వవచ్చును. నవ్వేముందు మా బావగారి ఎడమకాలి సంగతి కొంచెం వినవలెను.

2015 మే నెల మాట. అగ్ని నక్షత్రపు ఎండలు. బావగారు, అక్కయ్య, మరి ముగ్గురు చుట్టాలు మదురైలో పెండ్లి చూచుకుని కోవిల్‌పట్టికి తిరిగి వస్తున్నారు. దారిలో ఒక టైర్ల కొట్టు దగ్గర గాలి చూపించగా అక్కడి మనిషి, "ఎండాకాలమండీ, వేడికి గాలి పెరిగి టైరు పేలిపోతుంది, తగ్గించుకుంటే మంచిది" అని నాలుగింటిలోనూ ఏడెనిమిది పౌన్ల చొప్పున గాలి వదిలివేశాడు. పాపం, చెడు తలచి చేసిన పని గాదు. మన వైపు ఎంతోమంది నమ్మే మాటే అది; మేమూ నమ్మినవాళ్ళమే. విరుదునగరం దాటి సాత్తూరు చేరకముందే వెనక ఎడమ టైరు పై పొర చీలి ఊడివచ్చింది. కారు గిర్రున తిరిగి రోడ్డు నడిమి గట్టును కొట్టుకున్నది. ప్రాణాలు దక్కినవి. బావగారి కాలిలో ఇనుప చువ్వ మిగిలింది. ఆనాటినుండి ఆయన స్టీరింగు ముట్టలేదు. అక్కయ్య ఏ కారులోనూ ముందు సీటున కూర్చోలేదు.

వారి అబ్బాయి, అనగా మా మేనల్లుడు, డిప్లొమా చదివి కోవిల్‌పట్టిలో యంత్రాల మరమ్మతు పని చేసుకుంటున్నాడు. ఇంట్లో ఇంత జరిగినా వాడికి కార్ల పిచ్చి తగ్గలేదు సరికదా ముదిరింది. ఎవరో వాడిన చిన్న కారు ఒకటి కొన్నాడు. చెట్టిపాళయంలో ఒక ఆదివారం, రుసుము కట్టిన వారెవరైనా తమ సొంత కారుతో వచ్చి, ఉదయం మైదానంలో కోనుల మధ్య పరుగూ, మధ్యాహ్నం ట్రాకు మీద పరుగూ తీయవచ్చునని తెలిసి ఇంట్లో అడిగాడు. అక్కయ్య వారం రోజులు సరిగా అన్నం తినలేదు. ఆఖరికి, "మీ మామ వెంట వస్తే పో. మామ చాలు అంటే చాలు, మారు మాట లేకుండా బండి ఎక్కి ఇంటికి రావలె" అన్నది. ఆ విధంగా తీర్పు తెచ్చి మా నెత్తిన పెట్టారు.

పందెమన్నది మాకు కొత్తేమీ గాదు. విళాత్తికుళం చుట్టుప్రక్కల ఊళ్ళలో అమ్మవారి కొలుపు వచ్చిందంటే ఎడ్లబండ్ల పందెం ఉండి తీరవలసిందే. పెద్ద ఎడ్లు, చిన్న ఎడ్లు, పూంజిట్టు అని తరగతులు పెట్టి రోడ్డు మీదనే తోలుతారు. మా చిన్నతనంలో తెల్లవారుజామున లేచి చూడబోయేవాళ్ళము. పందెపు బండివాడు ఎడ్లను ఎంత చూచుకునేవాడో చక్రాలనూ అంతే చూచుకునేవాడు. పట్టా వదులైనదా, ఇరుసుకు నూనె చాలినదా అని వంగి వంగి తడిమేవాడు. మా నల్లరేగడి నేల సంగతి తెలిసిన వారికి ఇంకొక మాట కూడా తెలిసి ఉంటుంది. ఐప్పసి, కార్తీక వానలలో ఇనుప పట్టా బండి రేగట్లో దిగబడిపోతుంది. అదే బరువుతో టైరు బండి తేలిపోతుంది. కారణం పట్టా సన్నం, టైరు వెడల్పు. నేల మీద ఎంత మేర ఆనుతున్నదనేదే సంగతంతా. మేనల్లుడు తరువాత మాకు చెప్పిన శాస్త్రమంతా ఈ రేగడి బండిలోనే ఉన్నదని మాకు తోచింది.

శనివారం తెల్లవారకముందే మేమూ మా ఇంటామె బస్సులో బయలుదేరాము. వైపారులో నీరు లేదు. ఇసుకా, ఒడ్డున సీమతుమ్మ పొదలూ. ఎట్టయపురం చేరేటప్పటికి వెలుతురు వచ్చింది. ఈ ఊరి మీదుగా ఎన్నిసార్లు పోయినా మాకొక గర్వం. ఇక్కడి జమీందారులు తెలుగు మాటలాడిన నాయకులు. ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో తనువు చాలించినది ఈ ఊళ్ళోనే. సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో తెలుగు లిపిలో అచ్చయినదీ ఇక్కడే. భారతియార్ పుట్టినది కూడా ఇక్కడే, 1882లో. మన పిల్లలలో ఎందరికి తెలుసునో గాని, బస్సు అక్కడ ఆగేది రెండు నిమిషాలే.

కోవిల్‌పట్టిలో మేనల్లుడు కారు కడిగి సిద్ధంగా ఉన్నాడు. అక్కయ్య కడలమిఠాయి పొట్లం కట్టి ఇచ్చింది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటినుండి దానికి ధర పెరిగిందే గాని, ఆ బెల్లపు పాకం రుచి ఎప్పటిదే. బావగారు అరుగు మీద నుండి లేవలేదు. "గాలి చూచినావా?" అని మాత్రం అడిగారు.

"చూసినాను నాన్నా, ఇంకా చల్లగా ఉండగానే చూసినాను" అన్నాడు వాడు.

ఈ "చల్లగా" అన్న మాట మాకు అర్థం కాలేదు. వాడు డ్రైవరు తలుపు తెరచి గడప స్తంభానికి అంటించిన చీటీ చూపించాడు. ప్రతి కారుకూ ఉంటుందట. ఇన్నేళ్ళుగా ఇన్ని కార్లెక్కి మేము ఒక్కసారీ చదువలేదు. ఆ కారుకు నాలుగు చక్రాలకూ చదరపు అంగుళానికి 33 పౌన్లు. మనుషులూ సామానూ నిండుగా ఉంటే వెనక చక్రాలకు 36. ఇది కారు మూడు గంటలైనా నీడలో నిలిచి ఉన్న తరువాత, నడపకముందు చూడవలసిన లెక్క. నడిచిన టైరులో గాలి వేడెక్కుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు ఒకటిన్నర పౌను పెరుగుతుంది. ఈ పెరుగుదల ఉంటుందని తెలిసే కారు చేసినవాళ్ళు ఆ 33 వేశారు. కనుక ఎండాకాలమని గాలి తీయనక్కరలేదు.

"తక్కువ గాలే మామా పేల్చేది," అన్నాడు వాడు, తండ్రికి వినపడకుండా గొంతు తగ్గించి. "గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు ప్రక్కభాగం నలిగి లేస్తుంది. తీగను అట్లా ఇట్లా వంచితే వేడెక్కదా, అట్లాగే. ఆ వేడికి లోపలి పొరలు ఒకదానినొకటి వదిలేస్తాయి. నాన్న టైరుకు అదే జరిగింది."

కారు బరువంతా నేలకు ఆనేది ఒక్కొక్క టైరు క్రింద అరచేయి అంత మేరలోనేనని కూడా వాడే చెప్పాడు. మేము దస్త్రాల గుమాస్తాలము గనుక వెంటనే కాగితం తీసి లెక్క కట్టాము. వెయ్యి కిలోల కారు, నాలుగు చక్రాలు, ఒక్కొక్క దాని మీద 550 పౌన్లు, దానిని 33 చేత భాగిస్తే 16, 17 చదరపు అంగుళాలు. అరచేయే! నాలుగు అరచేతుల మీద ఒక కుటుంబం గంటకు తొంభై, వంద కిలోమీటర్లు పోతున్నదన్నమాట. ఆ క్షణాన మేము నోటు పుస్తకం ఒకటి తెరచి నాలుగు గళ్ళు గీశాము: ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. ఈ పుస్తకం సంగతి మళ్ళీ వస్తుంది.

సాత్తూరు దాటిన తరువాత ఎవరమూ మాట్లాడలేదు. ఆ చోటు మాకు తెలుసు. ఇప్పుడక్కడ ఏ గుర్తూ లేదు, అరళి చెట్లకు పూలు పూసి ఉన్నవి. మేనల్లుడు వేగం తగ్గించలేదు, పెంచనూ లేదు. విరుదునగరం, మదురై, దిండిగల్లు, ఒడ్డన్‌చత్రం, పళని. దారంతా వ్రాస్తే పత్రిక చాలదు. పళని నుండి పొల్లాచి దాకా ఉన్న దారిని గురించి మాత్రం ఒక మాట. 1920లో మన జి. డి. నాయుడుగారు తమ మొదటి బస్సును నడిపినది ఈ రెండు ఊళ్ళ మధ్యనే. ఆయన పుట్టినది 1893లో, కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో. ఇంట తెలుగే మాట్లాడే రైతు బిడ్డ; బడి చదువు కొద్దిదే. ఆ ఒక్క బస్సు తరువాత యు.ఎం.ఎస్. అనే పెద్ద సంస్థ అయినది. ఆనాటి కంకర దారిలో, ఆనాటి ట్యూబు టైర్లతో ఆయన ఎన్ని పంక్చర్లు చూచి ఉంటారోనని మా ఇంటామె అన్నది.

ఆ రాత్రి సింగానల్లూరులో బంధువుల ఇంట దిగాము. కోయంబత్తూరు తెలుగువారికి నూలుమిల్లులూ, పంపుసెట్లూ ఎంతో, మోటార్లూ అంతే. భోజనాల దగ్గర మాట కరివర్ధన్‌గారి మీదికి పోయింది. మిల్లుల కుటుంబంలో పుట్టి, తమ చేతులతో పందెపు కార్లు తయారు చేసిన మనిషి. ఒక్కరే కూర్చునే చిన్న పందెపు కారుకు మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి అని ఆయన తయారు చేసిన తరువాతనే మన దేశంలో మధ్య తరగతి కుర్రవాళ్ళు కొందరికైనా ఆ ఆట చేతికందింది. 1995లో చిన్న విమానం కూలి పోయారు. 2003లో తెరచిన చెట్టిపాళయం బాటకు ఆయన పేరే పెట్టారు. తెలుగు ఇంట పుట్టిన కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఫార్ములా మారుతితో మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్ పోటీలకు పోయిన మొదటి భారతీయుడైనాడు.

ఆదివారం తెల్లవారి అయిదున్నరకు వాకిట్లోనే మా పుస్తకంలో మొదటి పద్దు పడింది: నాలుగు చక్రాలూ 33. చెట్టిపాళయం చేరిన వెంటనే మళ్ళీ చూస్తే ముందువి 35, వెనకవి 34. పదిహేను కిలోమీటర్లకే అంత పెరిగింది. పక్క కారు అబ్బాయి ఒకడు తన మీటరుతో మా టైరు చూచి 37 అన్నాడు. మేము ఏది నిజమని అడిగితే మేనల్లుడు, "ఏదైనా కానీ మామా, రోజంతా ఒకే మీటరు వాడితే చాలు. తప్పు ఉన్నా అన్నిటికీ ఒకే తప్పు ఉంటుంది" అన్నాడు. ఆఫీసులో మేము ఇరవై ఏళ్ళుగా చెప్పే మాట ఇది, వినేవాడు దొరకలేదు.

ఉదయపు పరుగు పేరు ఆటోక్రాస్. విశాలమైన మైదానంలో నారింజ రంగు కోనులు పాము మెలికలుగా నిలుపుతారు. ఒక్కొక్క కారే పోవలెను. ప్రక్కన మరొక కారుండదు. గడియారంతోనే పోటీ. కోను పడగొడితే సెకన్లు కలిపివేస్తారు. పరుగంతా నిమిషం కూడా పట్టదు. ఇంత చిన్న పరుగులో టైరు బాగా వేడెక్కే లోపలే ఆట అయిపోతుంది, మలుపులు మాత్రం నిలువునా విరిచినట్లుంటాయి. ఇంజను భారమూ, తిప్పే పనీ, లాగే పనీ మూడూ ముందు చక్రాల మీదనే గనుక ముందు టైర్లు మలుపులో ప్రక్కకు ఒరిగి తమ భుజం మీద నడుస్తాయి. అందుచేత మామూలు రోడ్డు టైరుతో ఈ ఆట ఆడేవాళ్ళు గాలి తగ్గించరు, పెంచుతారు.

ఎంత పెంచవలెనో తెలుసుకునే ఉపాయం చూచి మా ఇంటామె ముచ్చటపడింది. టైరు అంచున, నేలను తాకే భాగమూ ప్రక్కభాగమూ కలిసే చోట, చిన్న త్రికోణపు గుర్తు ఉంటుంది. అక్కడ సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీస్తారు. పరుగు ముగిసి వచ్చిన తరువాత సుద్ద ఎక్కడిదాకా చెరిగిందో చూస్తారు. త్రికోణం దాటి క్రిందికి చెరిగితే టైరు మరీ ఒరిగిపోయింది, గాలి చాలలేదు. త్రికోణానికి ఎంతో పైననే సుద్ద మిగిలిపోతే గాలి ఎక్కువైంది, ఉన్న రబ్బరంతా నేలను పట్టుకోలేదు. "ముగ్గు వేసే చేయి కావలె, ఇటు ఇవ్వండి" అని సుద్ద ఆమె తీసుకుని నాలుగు చక్రాలకూ మూడేసి గీతలు వేసింది. అక్కడి కుర్రవాళ్ళు మరి రెండు కార్లకు కూడా ఆమె చేతనే వేయించుకున్నారు.

మొదటి పరుగు ముందు చక్రాలు 35తో పోయింది. సుద్ద త్రికోణం దాటి చెరిగింది. 37 పెట్టి పోతే సరిగ్గా గుర్తు మీద నిలిచింది. ఆశ పుట్టి 40 పెట్టాడు. కారు మలుపులో జారి ఒక కోనును ఎగరగొట్టింది. టైరు ప్రక్కన అచ్చులో 44 అని ఉంటుంది. అది ఆ టైరు భరించే గరిష్ఠపు గాలి, మనం పెట్టుకోవలసిన గాలి గాదు. ఈ రెండింటికీ తేడా తెలియక టైరు మీది అంకె చూచి గాలి కొట్టించేవారు మన ఊళ్ళో ఉన్నారు. మళ్ళీ 37కు దిగి, నాలుగవ పరుగు అన్నిటికన్నా బాగా తీశాడు. ముప్ఫయిమందిలో పదునాలుగో వాడు. దానికే వాడి ముఖం చూడవలసింది!

భోజనాలయ్యేటప్పటికి ఎండ ముదిరింది. చింతచెట్టు నీడన పులిహోర తింటూ మేము, "ఒక పౌనుకు రెండు పౌన్లకు ఇంత రాద్ధాంతమా?" అని అడిగాము. దానికి వాడు చెప్పిన కథ మన కోయంబత్తూరు నారాయణ్‌దే. 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఫార్ములా వన్ పందెం. రెండు రోజుల ముందు అభ్యాసపు పరుగులో, వాలుగా కట్టిన పదమూడవ మలుపులో రాల్ఫ్ షూమాకర్ కారు వెనక టైరు పోయి గోడను కొట్టుకున్నది. ఆ టైరు మిషెలిన్ వారిది. ఆ మలుపులో వేగం తగ్గిస్తే తప్ప తమ టైర్లు పది చుట్లకు మించి క్షేమం గాదని ఆ కంపెనీవారే ఒప్పుకున్నారు. పందెం మధ్యలో టైర్లు మార్చరాదని ఆ ఏటి నిబంధన. మలుపులో అడ్డు కట్టి వేగం తగ్గిద్దామన్నారు. పై అధికారులు ఒప్పుకోలేదు. చివరకు ఇరవై కార్లూ ఒక చుట్టు తిరిగి వచ్చినవి, అందులో మిషెలిన్ టైర్ల కార్లు పద్నాలుగూ ప్రక్కకు తప్పుకున్నవి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల కార్లు ఆరే పందెంలో నిలిచినవి. ఆ ఆరింటిలో జోర్డాన్ కారులో మన నారాయణ్ ఒకడు. నాలుగవ స్థానాన వచ్చి, ఫార్ములా వన్‌లో పాయింట్లు తెచ్చుకున్న మొదటి భారతీయుడైనాడు. లక్షమందికి పైగా టిక్కెట్లు కొని కూర్చున్న జనం కేకలు వేశారట. ఆ పద్నాలుగు కార్లలో ఎంత గొప్ప ఇంజన్లు, ఎంత గొప్ప డ్రైవర్లు! అరచేయంత రబ్బరు సరిపడకపోతే అన్నీ షెడ్డులోనే.

మధ్యాహ్నం ట్రాకు. రెండు కిలోమీటర్ల చిల్లర పొడవు. ఇక్కడ లెక్క తారుమారు. ఉదయం పెంచిన గాలిని వాడు తగ్గించాడు, నాలుగింటికీ 30. మాకు గుండె దడ పుట్టింది. వాళ్ళ నాన్న టైర్లలో గాలి తీసిన మనిషి చేసినదీ ఇదే కదా! "మామ చాలు అంటే చాలు" అన్న మాట గుర్తుకు వచ్చి, అడ్డంగా నిలబడి, ఎందుకని అడిగాము. వాడు విసుగుకోలేదు. ఇక్కడ వరుసగా పదిహేను నిమిషాలు ఆగకుండా, బ్రేకులు వేస్తూ మలుపులు తిరుగుతూ పోవలెను. కారులో తానొక్కడే, సామాను లేదు, స్టెప్నీ కూడా దించేశాడు. టైరు అరవై డెబ్బై డిగ్రీల వేడికి పోతుంది, గాలి అయిదారు పౌన్లు పెరుగుతుంది. 33తో మొదలుపెడితే 39కి పోయి టైరు నడుము ఉబ్బి, మధ్య భాగం మీదనే కారు నిలుస్తుంది, జారుతుంది. వేడెక్కిన తరువాత 34 దరిదాపుల ఉండవలెనని, అందుకు తగినట్లు చల్లగా ఉన్నప్పుడు తగ్గించి మొదలుపెట్టడం. పదిహేను నిమిషాలకొకసారి లోపలికి వచ్చి చూచుకుంటాడు. ఎవరూ చూడకుండా మూడు గంటలు రోడ్డున పోయే సంసారపు కారుకు ఈ లెక్క పనికిరాదు. చెప్పిన తీరు చూచి ప్రక్కకు తొలగాము.

హెల్మెట్టు పెట్టుకుని పోయిన వాడు తిరిగి వచ్చేదాకా మా ఇంటామె గొడుగు క్రింద కండ్లు మూసుకునే కూర్చున్నది. లోపలికి రాగానే మీటరు మేమే తీసుకున్నాము. ముందు ఎడమ 36, ముందు కుడి 35, వెనకవి రెండూ 33. ముందు ఎడమకు ఎక్కువేమని అడిగితే, కుడివైపు మలుపులలో కారు బరువు ఎడమకు ఒరుగుతుంది, ఆ టైరే ఎక్కువ కష్టపడుతుంది అన్నాడు. వాల్వు పిన్ను నొక్కి ముందువి రెండూ 34కు దించాడు. పక్క షెడ్డులో ఒకాయన సూది వంటి వేడి మీటరు టైరులో మూడు చోట్ల గుచ్చి చూస్తున్నాడు, లోపలి అంచు, నడుము, వెలుపలి అంచు. నడుము వేడెక్కువైతే గాలి ఎక్కువ, అంచులు వేడెక్కువైతే గాలి తక్కువ. ఆయన టైర్లలో నైట్రోజను పెట్టించాడట. మామూలు గాలిలోనే 78 పాళ్ళు నైట్రోజను గదా, అదీ వేడికి అట్లాగే పెరుగుతుంది, తేమ లేకపోవడమొక్కటే లాభమని మేనల్లుడు మా చెవిలో అన్నాడు. రెండవ పరుగు తరువాత మళ్ళీ ఒక పౌను తీశాడు. మూడవది ముగిసి వచ్చినప్పుడు, "చాలు" అని వాడే అన్నాడు. మేము అననక్కర లేకపోయింది.

ఇక్కడితో అయిపోతే ఇది ఒట్టి ముచ్చట. అసలు సంగతి తిరుగు ప్రయాణంలో జరిగింది.

సాయంకాలం అయిదింటికి బయలుదేరాము. పొల్లాచిలో మా ఇంటామె తరపు పెద్దమ్మలు ఇద్దరు కోవిల్‌పట్టి పెండ్లికని ఎక్కారు. వారితో రెండు గోతాల కొబ్బరికాయలు. పొల్లాచి నుండి ఖాళీ చేతులతో వస్తే మర్యాద గాదట. మనుషులం అయిదుగురం, వెనక గోతాలు, పైన పెట్టెలు. అబ్బాయి ఉత్సాహంలో ఉన్నాడు, మలుపు మలుపూ పెద్దమ్మలకు వర్ణిస్తున్నాడు. ఉడుమలైపేట దాటిన తరువాత, లెక్క సరి చూచుకునే అలవాటు చొప్పున మేము పుస్తకం తెరచి సెల్‌ఫోను వెలుతురులో చూచాము. ఉదయపు పద్దు ఉన్నది. ఆటోక్రాస్ పద్దు ఉన్నది. ట్రాకు మీద తీసిన గాలి పద్దు ఉన్నది. తిరిగి పెట్టిన గాలి పద్దు లేదు.

"ఒరే అబ్బాయీ, గాలి మళ్ళీ పట్టించినావా?"

వాడు ఒక్క మాటు అద్దంలో మా వైపు చూచాడు. ముఖం పాలిపోయింది. జవాబు చెప్పకుండా వేగం తగ్గించి, మడత్తుక్కుళం దగ్గర టీ కొట్టు ప్రక్కన ఆపాడు. మీటరు పెట్టి చూస్తే నాలుగూ 30, అదీ ఇంకా వేడి మీద. చల్లారితే 28. నిండు బరువుకు వెనక 36 ఉండవలసిన చోట 28! రాబోయేది నాలుగు గంటల నల్లరోడ్డు, మధ్యలో విరుదునగరం, ఆ తరువాత ఆ చోటు. పేరు వేరే, కారణం వేరే. తండ్రి టైర్లలో జరిగినదే కొడుకు టైర్లలో జరిగి ఉన్నది. గాలి తీయడం తెలిసినవాడే తీశాడు, కాని తిరిగి పెట్టడం మరచాడు.

కారులో సిగరెట్టు ముట్టించుకునే రంధ్రానికి తగిలించే చిన్న పంపు ఒకటి ఉన్నది. పిల్లి గురకలా శబ్దం చేస్తూ ఒక్కొక్క టైరుకు అయిదారు నిమిషాలు తీసుకున్నది. టైర్లు వేడిగా ఉన్నందున చీటీలోని అంకెకు రెండేసి పౌన్లు ఎక్కువే పెట్టాడు, ముందు 35, వెనక 38. పెద్దమ్మలు దిగి టీ త్రాగి, "పొల్లాచిలో మా మనుమడు కాలితో తన్ని చూస్తాడు, గట్టిగా ఉంటే చాలంటాడు" అని సలహా చెప్పారు. మేము పద్దు వ్రాసి, క్రింద సమయం వేశాము. అబ్బాయి చేతులు వణకడం మేము చూచామని వాడికి తెలుసు. ఆ పైన కోవిల్‌పట్టి దాకా వాడు మాటలాడలేదు, ఎనభైకి మించి పోలేదు. విరుదునగరంలో నూనె పరోటా కొట్లు మూసేశారు.

అర్ధరాత్రి దాటిన తరువాత ఇల్లు చేరాము. అక్కయ్య వాకిట్లోనే ఉన్నది. బావగారు చేతికర్ర పట్టుకుని మెట్లు దిగి, ఎవరినీ పలుకరించకుండా కారు వెనకకు పోయి, ఎడమ టైరు మీద అరచేయి ఆనించి చాలాసేపు ఉంచారు. తరువాత లేచి, "వేడి లేదు" అన్నారు. మేనల్లుడు టీ కొట్టు దగ్గర జరిగినదంతా దాచకుండా చెప్పాడు. మేమైతే చెప్పి ఉండేవాళ్ళము గాదు. అక్కయ్య మా చేతిలోని పుస్తకం తీసుకుని దీపం క్రింద పద్దులన్నీ వరుసగా చదివింది. ఏమీ అనలేదు.

తెల్లవారి ఎండ రాకముందే మెలకువ వచ్చి బయటికి పోతే, బావగారు పీట మీద కూర్చుని ఉన్నారు, మీటరు ఆయన చేతిలో ఉన్నది. "పుస్తకం తీయండి" అన్నారు. ముందు ఎడమ 33. ముందు కుడి 33. వెనక కుడి 36. కర్ర ఊతతో పీట జరుపుకుని వెనక ఎడమకు వచ్చారు. మీటరు రెండుసార్లు పెట్టి చూచుకున్నారు. 36.

లోపలినుండి అక్కయ్య గొంతు వినవచ్చింది. "కొబ్బరికాయలు రాత్రే దించినారు గదా? ఇంకా ముప్పయ్యారు ఎందుకు? వెనకవాటిలో మూడు తీసేయండి, మళ్ళీ వ్రాసి పెట్టండి."